లినక్సులో నిలకడలేని నెట్‌వర్కు అనుసంధానం

లినక్సు నిర్వాహక వ్యవస్థ గల కంప్యూటరులో నెట్‌వర్కు ఒకసారి పనిచేస్తూ, మరొకసారి తెగిపోతూ, లేదా ఉన్నట్టుండి మందగిస్తూ ఉండే స్థితిని నిలకడలేని అనుసంధానం అంటారు. పూర్తిగా తెగిపోయిన అనుసంధానానికి కారణం కనుగొనుట సాధారణంగా సులభం. నిలకడలేని అనుసంధానం విషయంలో అలా కాదు. పరీక్షించే సమయానికి అది బాగుగా పనిచేయవచ్చు, పరీక్ష ముగిసిన వెంటనే మరల తెగిపోవచ్చు.

ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, ఫీజుల చెల్లింపు, ఆన్‌లైన్ తరగతులు మొదలైనవన్నీ నేడు నెట్‌వర్కు మీద ఆధారపడి ఉన్నవి. చెల్లింపు మధ్యలో అనుసంధానం తెగిన, సొమ్ము ఖాతా నుండి పోయి దరఖాస్తు మాత్రం పూర్తికాని సందర్భాలు ఏర్పడతాయి. అంతేకాక, కారణం తెలియక మంచి రూటరును పారవేసి కొత్తది కొనుట, నిర్వాహక వ్యవస్థను మరల మొదటి నుండి స్థాపించుట వంటి వ్యర్థ ప్రయాసలు కూడా సాధారణం. క్రమపద్ధతిలో పరిశోధించిన, ఇటువంటి లోపాలలో చాలా వాటిని వాడుకరి స్వయంగా గుర్తించగలడు. అందుకు కావలసిన సాధనాలు దాదాపు అన్నీ లినక్సు పంపకాలలో ఉచితంగా లభిస్తాయి.

గమనిక: ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. టెర్మినల్‌లో వీటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయవలెను. ముఖ్యమైన ఆదేశాల అక్షరక్రమం వ్యాసం చివర ఇవ్వబడినది.

చరిత్ర

లినక్సు కెర్నెల్‌ను ఫిన్లాండు దేశస్థుడైన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించాడు. నెట్‌వర్కు పరిశోధనకు వాడే సాధనాలలో కొన్ని లినక్సు కంటె పాతవి. నెట్‌వర్కు పోర్టుల అమరికకు వాడే ఇఫ్‌కాన్ఫిగ్ 1983లో విడుదలైన 4.2 బీఎస్‌డీ యూనిక్సుతో వచ్చినది. పింగ్ అనే సాధనాన్ని మైక్ మూస్ 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనాశాలలో వ్రాశాడు. అక్కడి నెట్‌వర్కు వింతగా ప్రవర్తించుటయే దానిని వ్రాయుటకు కారణం. జలాంతర్గాములను గుర్తించుటకు వాడే సోనారు ధ్వని నుండి దానికి ఆ పేరు పెట్టబడినది.

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ పరిశోధనాశాలకు, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మధ్య సమాచార ప్రసార వేగం సెకనుకు 32 వేల బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయినది. ఆ రెండింటి మధ్య దూరం సుమారు 400 గజాలు మాత్రమే. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. రద్దీ పెరిగినపుడు కంప్యూటర్లు అవే ప్యాకెట్లను మరల మరల పంపుటయే కారణమని వాన్ జాకబ్సన్ మొదలైనవారు గుర్తించారు. ఆ తరువాత టీసీపీలో రద్దీ నియంత్రణ పద్ధతులు చేర్చబడినవి. ప్యాకెట్టు పోవు మార్గాన్ని చూపే ట్రేస్‌రూట్ కూడా వాన్ జాకబ్సన్ కృతియే. ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌ను ఆయన మరికొందరితో కలసి 1988లో రూపొందించాడు. 1998లో ఇథీరియల్ పేరుతో వెలువడిన ఇటువంటి మరొక సాధనం 2006 నుండి వైర్‌షార్క్ అను పేరుతో ప్రసిద్ధి పొందినది.

లినక్సులో పాత ఇఫ్‌కాన్ఫిగ్ స్థానాన్ని క్రమంగా ఐపీ అనే ఆదేశం ఆక్రమించినది. డెస్కుటాపు వాడుకరుల సౌకర్యార్థం రెడ్ హ్యాట్ సంస్థ 2004లో నెట్‌వర్క్ మేనేజర్‌ను ప్రారంభించినది. మొదట ఈథ్0, ఈథ్1 అని పిలువబడిన పోర్టులకు, 2013 నుండి సిస్టమ్‌డీ ప్రభావంతో, యంత్రంలో వాటి స్థానాన్ని తెలిపే ఈఎన్‌పీ3ఎస్0 వంటి పేర్లు వాడుకలోనికి వచ్చినవి.

లోపం ఎచ్చట ఉండవచ్చును

కంప్యూటరులోని బ్రౌజరు నుండి దూరాన గల సర్వరు వరకు సమాచారం పలు అంచెలుగా ప్రయాణిస్తుంది. ఈ అంచెలలో ఏ ఒక్కటి బలహీనమైనా వాడుకరికి కనిపించే లక్షణం ఒక్కటే: పేజీ తెరుచుకొనదు. అందుచేత లక్షణాన్ని బట్టి కారణం ఊహించక, అంచెల వారీగా పరీక్షించుట మంచి పద్ధతి. ముఖ్యమైన అంచెలు ఇవి:

1. కేబులు లేదా వైర్‌లెస్ సంకేతం
2. నెట్‌వర్కు కార్డు, దాని డ్రైవరు, ఫర్ముવేరు
3. ఐపీ చిరునామా, ద్వారం, మార్గాల పట్టిక
4. ఇంటిలోని రూటరు లేదా మోడెము
5. సేవాదారుని లైను, అతని నెట్‌వర్కు
6. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్
7. దూరపు సర్వరు

పరిశోధనకు ముందు

ముందుగా మూడు ప్రశ్నలకు సమాధానం వ్రాసుకొనవలెను.

మొదటిది, లోపం ఒక్క కంప్యూటరుకేనా, ఇంటిలోని ఫోన్లు మొదలైన అన్ని పరికరాలకా? అన్నింటికీ ఒకేసారి లోపం కలిగినచో లినక్సును అనుమానించ పనిలేదు. దోషం రూటరులో గాని, దాని ఆవల గాని ఉన్నది. రెండవది, అన్ని సైట్లకా, కొన్నింటికేనా? మూడవది, లోపం ఏ సమయంలో కలుగుతున్నది? ప్రతి సాయంత్రం, వర్షం కురిసినపుడు, కరెంటు పోయినపుడు, కంప్యూటరు నిద్రావస్థ నుండి లేచినపుడు, పెద్ద ఫైలు పంపునపుడు - వీటిలో ప్రతి ఒక్కటీ వేరొక కారణాన్ని సూచిస్తుంది.

ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. నాలుగు మార్పులు ఒకేసారి చేసి, లోపం పోయిన తరువాత, ఏ మార్పు వలన పోయినదో తెలియదు. లోపం తిరిగి వచ్చినపుడు మరల మొదటికి రావలసి వస్తుంది. మార్చబోయే ఫైలుకు ముందుగా ఒక నకలు తీసి ఉంచుకొనుట అవసరం.

పింగ్ పరీక్ష

పింగ్ ఒక చిన్న ప్యాకెట్టును పంపి, దానికి ప్రత్యుత్తరం ఎంతసేపటికి వచ్చినదో మిల్లీసెకన్లలో తెలుపుతుంది. నిలకడలేని అనుసంధానానికి నాలుగైదు ప్యాకెట్లు చాలవు, కనీసం కొన్ని వందలు పంపవలెను. "పింగ్ -సీ 300" అని టైపు చేసి, ప్రక్కన చిరునామా ఇచ్చిన 300 ప్యాకెట్లు పంపి, చివర ఎన్ని శాతం పోయినవో, కనిష్ఠ, సగటు, గరిష్ఠ కాలాలు ఎంతో చూపుతుంది.

ఈ పరీక్షను క్రింది వరుసలో మూడు చోట్లకు చేయవలెను.

1. ఇంటి రూటరుకు. దీని చిరునామా "ఐపీ రూట్" ఆదేశంలో డిఫాల్ట్ అనే వరుసలో కనిపిస్తుంది. తరచుగా ఇది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది.
2. బయటి ఒక సంఖ్యా చిరునామాకు. ఉదాహరణకు 8.8.8.8.
3. బయటి ఒక పేరుకు, అనగా ఏదైనా సైటు పేరుకు.

మొదటి పరీక్షలోనే ప్యాకెట్లు పోయినచో దోషం కంప్యూటరుకు, రూటరుకు మధ్య ఉన్నది. మొదటిది బాగుండి రెండవది చెడినచో దోషం రూటరులో గాని, సేవాదారుని వైపు గాని ఉన్నది. మొదటి రెండూ బాగుండి మూడవది మాత్రమే చెడినచో డీఎన్ఎస్ వైపు చూడవలెను.

కేబులు ద్వారా ఇంటి రూటరుకు పింగ్ కాలం సాధారణంగా ఒక మిల్లీసెకను లోపు ఉంటుంది. వైర్‌లెస్‌లో కొన్ని మిల్లీసెకన్లు ఉండవచ్చు. రూటరు ప్రక్కనే ఉండి కూడా కాలం వందల మిల్లీసెకన్లకు పెరుగుతూ తగ్గుతూ ఉన్నచో అది లోప సూచన. లోపం రాత్రివేళ మాత్రమే వచ్చేటట్లయితే, పింగ్‌కు పెద్ద డీ, పెద్ద ఓ అనే రెండు సూచికలు ఇచ్చి, ఫలితాన్ని ఒక ఫైలులోనికి మళ్ళించి వదలివేయవచ్చు. మొదటి సూచిక ప్రతి వరుసకు సమయాన్ని చేరుస్తుంది, రెండవది రాని ప్రత్యుత్తరాలను కూడా నమోదు చేస్తుంది.

మార్గంలోని ప్రతి మజిలీని ఎడతెగక పరీక్షించుటకు ఎమ్‌టీఆర్ అనే సాధనం ఉన్నది. దీని ఫలితాన్ని చదువుటలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. మధ్యలోని రూటర్లు కొన్ని పింగ్ ప్రత్యుత్తరాలకు తక్కువ ప్రాధాన్యం ఇస్తాయి. కనుక మధ్య మజిలీలో 40 శాతం నష్టం కనిపించినా, చివరి మజిలీలో నష్టం లేనిచో అది లోపం కాదు. ఒక మజిలీ వద్ద మొదలైన నష్టం చివరి వరకు కొనసాగినపుడే దానిని లెక్కలోనికి తీసుకొనవలెను.

కేబులు అనుసంధానం

ఈథర్‌నెట్ కేబులులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలును. ఒక గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావలెను. అందుచేత ఒక తీగ తెగినను, కనెక్టరు వదులైనను అనుసంధానం పూర్తిగా పోక, 100 మెగాబిట్లకు దిగిపోవచ్చు, లేదా మాటిమాటికీ తెగి అతుకుతుండవచ్చు. ఈథ్‌టూల్ ఆదేశం ప్రస్తుత వేగాన్ని, లింకు ఉన్నదా లేదా అనే విషయాన్ని తెలుపుతుంది. రెండు వైపులా గిగాబిట్ పోర్టులు ఉండి, వేగం 100 అని చూపినచో ముందుగా కేబులు మార్చి చూడవలెను. ఇటువంటి కేబులు పొడవు 100 మీటర్లు మించరాదు.

"ఐపీ -ఎస్ లింక్" ఆదేశం పోర్టు అందుకొన్న, పంపిన ప్యాకెట్ల సంఖ్యతో పాటు దోషాల సంఖ్యను చూపుతుంది. పది నిమిషాల ఎడంతో రెండుసార్లు చూసినపుడు దోషాల సంఖ్య పెరుగుతున్నచో కేబులు, కనెక్టరు, లేదా పోర్టు చెడినదని భావించవచ్చు.

మరొక పాత లోపం డూప్లెక్స్ వైరుధ్యం. ఒక వైపు వేగాన్ని చేతితో స్థిరపరచి, రెండవ వైపు స్వయంనిర్ణయానికి వదలినచో, స్వయంనిర్ణయ పక్షం హాఫ్ డూప్లెక్స్‌కు దిగిపోతుంది. అప్పుడు పింగ్ బాగుగానే ఉంటుంది గాని, పెద్ద ఫైలు పంపునపుడు వేగం దారుణంగా పడిపోతుంది. రెండు వైపులా స్వయంనిర్ణయానికే వదలుట దీనికి పరిష్కారం.

వైర్‌లెస్ అనుసంధానం

సంకేత బలం: వైర్‌లెస్ సంకేత బలాన్ని డీబీఎమ్ అనే ప్రమాణంలో ఋణ సంఖ్యలతో తెలుపుతారు. సంఖ్య సున్నకు దగ్గరగా ఉన్నకొలదీ సంకేతం బలమైనది. ఇది సంవర్గమాన ప్రమాణం, అనగా 3 తగ్గిన శక్తి సగమవుతుంది. సుమారు -60 వరకు బాగుగా పనిచేస్తుంది, -75 కంటె క్రిందికి పోయిన నిలకడ తప్పుతుంది. ఐడబ్ల్యూ ఆదేశంలోని లింక్ అనే ఉప ఆదేశంతో దీనిని చూడవచ్చు.

చానెళ్ళ రద్దీ: 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో చానెళ్ళు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. పరస్పరం తాకని మూడు చానెళ్ళుగా 1, 6, 11 వాడతారు. అపార్టుమెంట్లలో పది, పదిహేను రూటర్లు ఈ మూడింటినే పంచుకొనుట వలన సాయంత్రం వేళ రద్దీ ఏర్పడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్లు కూడా ఈ పట్టీలోనే పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 పరికరాల నుండి వెలువడే రేడియో రొద కూడా 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలను చెరచగలదని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రంలో వివరించినది. కావున వైర్‌లెస్ డాంగిల్‌ను యూఎస్‌బీ 3.0 హార్డుడిస్కు ప్రక్కన గాక, చిన్న పొడిగింపు తీగతో దూరంగా ఉంచుట మంచిది. రూటరు, కంప్యూటరు రెండూ అనుకూలించినచో 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మారుట ఉత్తమం. అయితే దాని సంకేతం గోడలను తక్కువగా దాటగలదు.

విద్యుత్ పొదుపు: ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఆదా కొరకు వైర్‌లెస్ కార్డు కొంతసేపు కునుకు తీస్తుంది. ఆ సమయంలో రూటరు ప్యాకెట్లను తన వద్ద నిలిపి ఉంచి, సుమారు 102 మిల్లీసెకన్లకు ఒకసారి పంపే బీకన్ సంకేతం ద్వారా వాటిని గూర్చి తెలుపుతుంది. కొన్ని కార్డులలో, కొన్ని డ్రైవర్లలో ఈ ఏర్పాటు సరిగా పనిచేయక పింగ్ కాలం హెచ్చుతగ్గులకు లోనవుతుంది, కొన్నిసార్లు అనుసంధానమే తెగిపోతుంది. ఐడబ్ల్యూ ద్వారా "పవర్ సేవ్ ఆఫ్" అని ఇచ్చి తాత్కాలికంగా దీనిని ఆపి చూడవచ్చు. కంప్యూటరు తిరిగి మొదలైన తరువాత ఈ మార్పు నిలువదు. లోపం దీని వలననే అని తేలినపుడు, నెట్‌వర్క్ మేనేజర్ అమరికల ఫైలులో వైఫై పవర్‌సేవ్ విలువను 2గా ఇచ్చి శాశ్వతంగా ఆపవచ్చు.

డ్రైవరు, ఫర్మువేరు

నెట్‌వర్కు కార్డు పనిచేయుటకు కెర్నెల్‌లో డ్రైవరు, కార్డులోనికి ఎక్కించే ఫర్మువేరు రెండూ అవసరం కావచ్చు. కొన్ని పంపకాలు స్వేచ్ఛా సాఫ్టువేరు కాని ఫర్మువేరును వేరుగా ఉంచుతాయి. సరియైన ఫర్మువేరు లేనిచో కార్డు అసలు పనిచేయకపోవచ్చు, లేదా అరకొరగా పనిచేయవచ్చు.

అనుసంధానం తెగిన వెంటనే కెర్నెల్ సందేశాలను చూడవలెను. ఇందుకు డీమెసేజ్, లేదా "జర్నల్‌సీటీఎల్ -కే" ఆదేశం ఉపయోగపడుతుంది. నేటి పంపకాలలో పెక్కింటిలో డీమెసేజ్‌కు నిర్వాహకుని అనుమతి కావలెను. లింక్ డౌన్ అనే మాటలు కనిపించిన కేబులును, ఫర్మ్‌వేర్ అనే మాటతో కూడిన దోష సందేశం కనిపించిన ఫర్మువేరును, డీఆథెంటికేటెడ్ అనే మాట కనిపించిన రూటరు కంప్యూటరును పంపివేయుటను సూచిస్తుంది. యూఎస్‌బీ డిస్కనెక్ట్ అని ఉన్నచో డాంగిల్ లేదా దాని పోర్టు వదులైనదని అర్థం.

కెర్నెల్ నవీకరణ తరువాతనే లోపం మొదలైనచో, కంప్యూటరు ప్రారంభమగునపుడు గ్రబ్ జాబితా నుండి పాత కెర్నెల్‌ను ఎన్నుకొని చూడవచ్చు. పాతదానితో లోపం పోయినచో కారణం తెలిసినట్లే. వేరొక పంపకాన్ని పెన్‌డ్రైవు నుండి నేరుగా నడిపి చూచుట మరొక మంచి పరీక్ష. అందులో కూడా అదే లోపం ఉన్నచో యంత్ర భాగాలను అనుమానించవలెను. ఈ పరీక్ష వలన హార్డుడిస్కులోని ఫైళ్ళకు మార్పు జరుగదు, నిర్వాహక వ్యవస్థను మరల స్థాపించే శ్రమ కూడా తప్పుతుంది.

చిరునామాల కేటాయింపు

ఇంటి నెట్‌వర్కులో కంప్యూటర్లకు చిరునామాలను డీహెచ్‌సీపీ పద్ధతిలో రూటరు కేటాయిస్తుంది. కేటాయింపు కొంత గడువుకు మాత్రమే. గడువులో సగం గడిచిన తరువాత కంప్యూటరు దానిని పొడిగించమని అడుగుతుంది. ప్రత్యుత్తరం రానిచో గడువులో 87.5 శాతం గడిచిన తరువాత ఏ సర్వరునైనా అడుగుతుంది. అప్పటికీ రానిచో గడువు ముగియగానే చిరునామాను వదలివేస్తుంది. కావున అనుసంధానం కచ్చితమైన వ్యవధులలో తెగుతున్నచో ఈ గడువును పరిశీలించవలెను. 169.254తో మొదలయ్యే చిరునామా కనిపించినచో డీహెచ్‌సీపీ సర్వరు దొరకలేదని అర్థం.

ఈ అంచెలో మరి మూడు లోపాలు తరచుగా కనిపిస్తాయి.

1. ఒకే చిరునామా రెండు పరికరాలకు ఉండుట. ప్రింటరుకో, కెమేరాకో చేతితో ఇచ్చిన చిరునామాను రూటరు మరొకరికి కేటాయించినపుడు ఇది జరుగుతుంది. రెండు పరికరాలూ వంతులవారీగా తెగుతుంటాయి. ఏఆర్‌పింగ్ ఆదేశానికి రెండు వేరువేరు మ్యాక్ చిరునామాల నుండి ప్రత్యుత్తరం వచ్చినచో ఇదియే కారణం.
2. ఒకే నెట్‌వర్కులో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు ఉండుట. సంకేతం పెంచుటకు పాత రూటరును తెచ్చి కలిపి, అందులోని డీహెచ్‌సీపీని ఆపుట మరచినపుడు ఇది సంభవిస్తుంది.
3. కంప్యూటరులో ఒకే పోర్టును రెండు సేవలు నిర్వహించుట. నెట్‌వర్క్ మేనేజర్‌తో పాటు డీహెచ్‌సీపీసీడీ లేదా సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ కూడా నడుస్తున్నచో, ఒకటి చేసిన అమరికను మరొకటి చెరుపుతుంది. ఒకదానిని మాత్రమే ఉంచవలెను.

పేర్ల అన్వేషణ

సైట్ల పేర్లను సంఖ్యా చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ వ్యవస్థను పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించాడు. లినక్సులో డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలు ఈటీసీ డైరెక్టరీలోని రిజాల్వ్ కాన్ఫ్ ఫైలులో ఉంటాయి. ఇందులో మూడు సర్వర్ల వరకు పరిగణింపబడతాయి. మొదటి సర్వరు ప్రత్యుత్తరం ఇవ్వనిచో సాధారణ అమరికలో 5 సెకన్లు వేచి, తరువాత రెండవదానిని అడుగుతుంది. ప్రతి కొత్త సైటు సరిగా 5 సెకన్ల ఆలస్యం తరువాత చకచకా తెరుచుకొనుచున్నచో మొదటి డీఎన్ఎస్ సర్వరు పనిచేయుట లేదని దాదాపు నిశ్చయించవచ్చు. డిగ్ ఆదేశంతో ఒక్కొక్క సర్వరును విడివిడిగా అడిగి ఈ విషయం నిర్ధారించుకొనవచ్చు.

ఈ ఫైలులో 127.0.0.53 అని ఉన్నచో సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే సేవ మధ్యవర్తిగా ఉన్నదని అర్థం. అసలు సర్వర్ల పేర్లు రిజాల్వ్‌సీటీఎల్ ఆదేశంలో కనిపిస్తాయి. అట్టి సందర్భంలో ఫైలును చేతితో మార్చిన ఆ మార్పు నిలువదు. నెట్‌వర్క్ మేనేజర్ ద్వారానే మార్చవలెను.

ప్యాకెట్టు పరిమాణం

ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం, అనగా ఎంటీయూ, 1500 బైట్లు. పీపీపీఓఈ పద్ధతిలో లాగిన్ అయ్యే లైన్లలో 8 బైట్లు అదనపు శీర్షికకు పోగా 1492 మాత్రమే మిగులుతుంది. మార్గంలోని ఏదైనా యంత్రం "ప్యాకెట్టు పెద్దది" అనే హెచ్చరికను అడ్డగించినచో, పెద్ద ప్యాకెట్లు నిశ్శబ్దంగా మాయమవుతాయి. అప్పుడు పింగ్ పనిచేస్తుంది, చిన్న పేజీలు తెరుచుకొంటాయి, పెద్ద పేజీలు మాత్రం సగంలో ఆగిపోతాయి. వాడుకరిని ఎక్కువగా తికమక పెట్టే లోపాలలో ఇది ఒకటి.

దీనిని పరీక్షించుటకు "పింగ్ -ఎమ్ డూ -ఎస్ 1472" అని ఇచ్చి బయటి చిరునామాకు పంపవలెను. ఇందులో ఎమ్ మాత్రం పెద్ద అక్షరం. 1472కు శీర్షికల 28 బైట్లు కలుపగా 1500 అవుతుంది. అది పోక, 1464 పోయినచో మార్గపు ఎంటీయూ 1492 అని తెలుస్తుంది. రూటరులో గాని, కంప్యూటరులో గాని ఎంటీయూను ఆ విలువకు తగ్గించిన లోపం తొలగుతుంది.

బఫర్ల రద్దీ

ఇంటిలో ఒకరు పెద్ద వీడియోను పంపుచుండగా మిగిలినవారికి అనుసంధానం నిలిచిపోయినట్లుండుట పలువురి అనుభవం. రూటరు, మోడెములలోని అతి పెద్ద బఫర్లలో ప్యాకెట్లు బారులు తీరి నిలుచుటయే దీనికి కారణం. దీనికి 2010లో జిమ్ గెటిస్ బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. కేథలీన్ నికొల్స్, వాన్ జాకబ్సన్ 2012లో కోడెల్ అనే పరిష్కారాన్ని ప్రకటించారు. దాని ఆధారంగా రూపొందిన ఎఫ్‌క్యూ కోడెల్ అదే సంవత్సరం లినక్సు కెర్నెల్‌లో చేరినది. ఖాళీగా ఉన్నపుడు 30 మిల్లీసెకన్లుండే పింగ్ కాలం, ఫైలు పంపునపుడు వేయి దాటినచో ఇదియే లోపం. ఈ పద్ధతి గల రూటరును వాడుట, లేదా పంపే వేగాన్ని లైను సామర్థ్యం కంటె కొంచెం తక్కువకు పరిమితం చేయుట దీనికి నివారణ.

నెట్‌వర్కు లోపంగా కనిపించే ఇతర లోపాలు

పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది గుండీ బ్యాటరీ అయిపోయిన, తేదీ కొన్ని సంవత్సరాలు వెనుకకు పోతుంది. తేదీ తప్పుగా ఉన్నపుడు భద్రతా ధృవపత్రాలు చెల్లవు, కనుక బ్రౌజరు సైట్లను తెరువదు. పింగ్ మాత్రం చక్కగా పనిచేస్తుంది. కొందరు సేవాదారులు వెబ్ పేజీ ద్వారా లాగిన్ కోరుతారు. కొంతసేపు వాడకపోయిన ఆ లాగిన్ రద్దు కావచ్చు. ఐపీ 6వ కూర్పు మార్గం చెడి, 4వ కూర్పు మార్గం బాగున్నపుడు కొన్ని సైట్లు మాత్రమే ఆలస్యమవుతాయి. పింగ్‌కు -4, -6 అనే సూచికలు ఇచ్చి రెండింటినీ వేరువేరుగా పరీక్షించవచ్చు.

సేవాదారుని లైను

బీఎస్ఎన్ఎల్ 2005లో డేటావన్ పేరుతో టెలిఫోను తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ సేవలు ప్రారంభించినపుడు ఆంధ్ర ప్రదేశ్‌లోని ఎన్నో ఇళ్ళకు ఆ రాగి తీగలే ఆధారం. రాగి లైన్లలో వర్షపు నీరు అతుకులలో చేరిన, లేదా ఫోనుకు ముందు స్ప్లిట్టరు లేకపోయిన, అనుసంధానం మాటిమాటికీ తెగుతుంది. ఫోనులో గరగర శబ్దం దీనికి గుర్తు. తరువాత వచ్చిన ఫైబరు లైన్లలో ఈ బెడద లేదు గాని, ఫైబరు తీగను మేకు చుట్టూ పదునుగా వంచిన కాంతి నష్టం కలుగుతుంది. ఇంటిలోని ఫైబరు పెట్టె మీద ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగినచో లైనులో కాంతి అందుట లేదని అర్థం. దీనికి కంప్యూటరులో చేయదగినది ఏమీ లేదు.

కరెంటు పోయినపుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కొనసాగుతుంది, ఇన్వర్టరుకు కలుపని రూటరు మాత్రం ఆగి మరల మొదలవుతుంది. ఇన్వర్టరుకు మారే క్షణకాలంలో కూడా కొన్ని రూటర్లు తిరిగి మొదలవుతాయి. రూటరు ఎంతసేపటి నుండి నడుస్తున్నదో దాని అమరికల పేజీలో చూసిన ఈ విషయం తెలియును.

సేవాదారునికి ఫిర్యాదు చేయునపుడు "నెట్ సరిగా రావడం లేదు" అని చెప్పుట కంటె, తేదీ, సమయం, రూటరుకు నష్టం సున్న, బయటి చిరునామాకు నష్టం ఇంత శాతం అని వ్రాసి ఇచ్చిన త్వరగా ఫలితం ఉంటుంది.

ఒక ఉదాహరణ

ఒక ఇంటిలోని ల్యాప్‌టాప్‌లో ప్రతి సాయంత్రం నెట్‌వర్కు తెగుతున్నదని అనుకొందము. పగలు రూటరుకు 300 ప్యాకెట్లు పంపగా ఒక్కటీ పోలేదు. సాయంత్రం 36 పోయినవి, అనగా నష్టం 12 శాతం. సంకేత బలం రెండు వేళలా -58 గానే ఉన్నది, కావున దూరం కారణం కాదు. అదే సాయంత్రం కేబులు కలిపి చూడగా నష్టం సున్న, కావున రూటరు, లైను మంచివి. పరిసరాలను వెదకగా ఇరుగుపొరుగు రూటర్లు చాలా వరకు 6వ చానెల్‌లో ఉన్నవి. 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చగా నష్టం పోయినది.

అయినను ప్రతి కొత్త సైటు తెరుచుకొనుటకు 5 సెకన్లు పట్టుచున్నది. డిగ్‌తో అడుగగా మొదటి డీఎన్ఎస్ సర్వరు పలుకలేదు. దానిని తొలగించగా ఆ ఆలస్యమూ పోయినది. ఇక్కడ ఉన్నవి రెండు లోపాలు. మొదటి మార్పు తరువాత ఇబ్బంది కొంత మిగిలినదని, ఆ మార్పు వ్యర్థమని తలచి వెనుకకు తీసుకొన్నచో రెండూ ఎన్నటికీ తెలియవు. ప్రతి మార్పు తరువాత అదే పరీక్షను మరల చేసి, అంకెలతో పోల్చవలసిన ఆవశ్యకత దీని వలన తెలియుచున్నది.

తెలుగు వాడుకరులకు సూచన

లినక్సు డెస్కుటాపులలో పెక్కు తెలుగు అనువాదంతో లభిస్తాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ, బాస్ లినక్సును 2007లో విడుదల చేసిన సీడాక్ ఈ దిశలో కృషి చేసినవి. తెలుగు అమరికలో కొన్ని దోష సందేశాలు తెలుగులోనే వస్తాయి. చదువుటకు ఇది అనుకూలమే గాని, అదే సందేశాన్ని అంతర్జాలంలో వెదకినపుడు సమాధానాలు దొరకుట కష్టం. ఆదేశానికి ముందు ఎల్‌సీ ఆల్ అనే చలరాశికి పెద్ద అక్షరం సీ విలువగా ఇచ్చిన, ఆ ఒక్క ఆదేశానికి సందేశాలు ఇంగ్లీషులో వస్తాయి. డెస్కుటాపు భాష మారదు.

ముఖ్యమైన ఆదేశాలు

- పింగ్ (పి, ఐ, ఎన్, జి): ప్యాకెట్ల నష్టం, కాలం
- ఐపీ (ఐ, పి): చిరునామాలు, మార్గాలు, దోషాల లెక్క
- ఈథ్‌టూల్ (ఇ, టి, హెచ్, టి, ఓ, ఓ, ఎల్): కేబులు పోర్టు వేగం, లింకు
- ఐడబ్ల్యూ (ఐ, డబ్ల్యూ): వైర్‌లెస్ సంకేతం, విద్యుత్ పొదుపు
- ఎమ్‌టీఆర్ (ఎమ్, టి, ఆర్): మార్గంలోని మజిలీలు
- డిగ్ (డి, ఐ, జి): డీఎన్ఎస్ పరీక్ష
- ఏఆర్‌పింగ్ (ఎ, ఆర్, పి, ఐ, ఎన్, జి): ఒకే చిరునామా గల రెండు పరికరాలు
- డీమెసేజ్ (డి, ఎమ్, ఇ, ఎస్, జి): కెర్నెల్ సందేశాలు
- జర్నల్‌సీటీఎల్ (జె, ఓ, యు, ఆర్, ఎన్, ఎ, ఎల్, సి, టి, ఎల్): వ్యవస్థ చిట్టా

ఇవి కూడా చూడండి

- లినక్సు
- ఈథర్‌నెట్
- వై-ఫై
- డీఎన్ఎస్
- స్వేచ్ఛా సాఫ్టువేరు